తుప్పు మీద రంగు కొడితే తుప్పు చస్తుందా?

ప్రశ్న: అన్నా, మాది తాడిపత్రి దగ్గర పల్లె. మా నాయన 1998లో కొన్న కమాండర్ జీపు ఇంకా నడుస్తోంది. మధ్యలో కొన్నేళ్లు కావలిలో మా చిన్నాయన దగ్గర ఉండి వచ్చింది. అక్కడ చేపల పెట్టెలు కూడా వేసినారు. ఇప్పుడు కిందికి దూరి చూస్తే చాసిస్ అంతా ఎర్రగా ఉంది. వెనక కమాన్ కట్టల (స్ప్రింగ్ పట్టీల) దగ్గర పెచ్చులు ఊడుతున్నాయి. మడ్‌గార్డు మీద, వెనక తలుపు అడుగున, ఫ్లోరు అంచుల్లో రంగు బుడగలు లేస్తోంది. తుప్పును సీల్ చేసే రంగు ఒక టిన్ను ఆన్‌లైన్లో తెప్పించాను. నేరుగా తుప్పు మీదే కొట్టొచ్చని దాని మీద రాసుంది. మా మామ పెయింటర్. తుప్పంతా గీకి రెడ్ ఆక్సైడ్ కొడితే చాలు, ఈ దుబారా ఎందుకంటాడు. వెల్డింగ్ షాపాయన మాత్రం కింద ఎవరు చూస్తారు, కొట్టెయ్ అంటాడు. ఎవరి మాట వినాలి? చాసిస్‌కూ బాడీకీ ఈ ఒక్క రంగే కొట్టొచ్చా? అసలు వానే సరిగ్గా పడని మా అనంతపురంలో ఇంత తుప్పేంది?

సమాధానం: తమ్ముడూ, ముగ్గురి మాటలోనూ కొంచెం కొంచెం నిజముంది. టిన్ను మీద రాసింది సగం నిజం. మీ మామ చెప్పినదాంట్లో గీకడం వరకు నిజం. వెల్డింగ్ షాపాయన చెప్పినదాంట్లో కింద ఎవరూ చూడరన్నది ఒక్కటే నిజం, అసలు తంటా వచ్చేది కూడా దానితోనే.

ముందు ఒక మాట తెలుసుకో. ఏ రంగూ తుప్పును చంపదు. తుప్పు పట్టాలంటే ఇనుముకు గాలీ తడీ రెండూ తగలాలి. ఆ రెండూ అందకుండా మూత పెట్టడం వరకే రంగు పని. మూత కింద తడి గానీ ఉప్పు గానీ మిగిలిపోతే లోపల దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు ముందుకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఎంత గట్టి రంగునైనా కింది నుంచి పైకి లేపేది అదే. నీ మడ్‌గార్డు మీద బుడగలు అట్లా వచ్చినవే. కాబట్టి నువ్వు తెప్పించిన టిన్ను మంచిదా కాదా అన్నది రెండో ప్రశ్న. దాని కింద ఏం మిగులుతుందన్నది మొదటి ప్రశ్న.

వాన సంగతి చూద్దాం. మీ జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది. ఆ వానతోనే అయితే జీపు ఇట్లా కాదు. కావలి సముద్రం పక్క ఊరు. గాలిలో ఉప్పు ఉంటుంది. దానికి తోడు చేపల పెట్టెల నుంచి కారిన ఐసు నీళ్లు ఫ్లోరు సందుల్లోంచి చాసిస్ మీదికి దిగినాయి. ఉప్పు ఒకసారి ఇనుప గుంటల్లో చేరిందంటే వానతో పనిలేదు, గాలిలోని తేమను అదే లాక్కుంటుంది. శుభ్రమైన ఇనుము మామూలుగా గాలిలో తేమ 60 శాతం దాటితే గానీ గట్టిగా తుప్పు పట్టదు. ఉప్పు ఉన్న ఇనుము అంతకంటే బాగా తక్కువ తేమకే మొదలుపెడుతుంది. మీ ఊళ్లో కూడా తెల్లవారుజామున ఆ మాత్రం తేమ దొరుకుతుంది.

కావలి మీదే అంతా తోసెయ్యడం కూడా న్యాయం కాదు. జీపు ఏ నీళ్లతో కడుగుతున్నారు? బోరు నీళ్లయితే మీ వైపు చాలాచోట్ల అవి ఉప్పు నీళ్లే. బకెట్టు ఆరిన తర్వాత అంచున తెల్ల చార మిగులుతుంది చూడు, అదే చార చాసిస్ మూలల్లోనూ మిగులుతుంది. ఎరువుల బస్తాలు వేస్తారా? పొటాష్‌లో ఉండేది క్లోరైడే, ఇనుముకు అది ఉప్పుతో సమానం. బండల ఫ్యాక్టరీలోకి బండి పోతే పాలిష్ బురద చక్రాల కింద నుంచి ఎగిరి చాసిస్ లోపలి అంచున మెత్తుకుంటుంది. పైకి ఎండినట్టే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పెళ్ళ లేపి చూస్తే లోపల చెమ్మ ఉంటుంది. అట్లా ఒక్క పెళ్ళ లేపి చూడు, నీ జీపుకు తుప్పు ఎక్కడి నుంచి వస్తోందో నీకే తెలుస్తుంది.

ఇక పని. రంగు టిన్ను పక్కన పెట్టి మొదట సుత్తి తీసుకో. చిన్న సుత్తి చాలు. చాసిస్ పొడవునా జానెడుకొక దెబ్బ వేసుకుంటూ పో. గట్టి ఇనుము ఖంగుమంటుంది. పొరలు విడిపోయిన చోట దబ్బుమని మొద్దుగా పలుకుతుంది, పెచ్చు రాలుతుంది. అట్లా పలికిన ప్రతిచోటా చాక్‌పీసుతో గుర్తు పెట్టు. మొనగా ఉన్న స్క్రూడ్రైవర్‌తో అక్కడ గట్టిగా పొడువు. లోపలికి దిగిందంటే అక్కడ రంగు మాట మరిచిపో. అది వెల్డింగ్ పని. ముఖ్యంగా కమాన్ కట్టలు చాసిస్‌కు తగిలే బ్రాకెట్లు, కట్ట చివర వేలాడే షాకిళ్లు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు, అడ్డ మెంబర్లు చాసిస్‌తో కలిసే మూలలు, బాడీ కూర్చునే రబ్బర్ల కింద తప్పకుండా కొట్టి, పొడిచి చూడు. నువ్వు పెచ్చులు ఊడుతున్నాయని రాసింది సరిగ్గా కమాన్ కట్టల దగ్గరే. జీపు బరువంతా మోసే చోటు అది. అక్కడ పలచబడిన ఇనుము మీద నల్లగా మెరిసే రంగు కొడితే చేసేది రిపేరు కాదు, దాచిపెట్టడం. నలుగురిని ఎక్కించుకుని గుంతలో దిగినప్పుడు బ్రాకెట్ ఊడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

వెల్డింగ్ పడితే ముందు అది పూర్తి కావాలి, రంగు తర్వాత. రంగు కొట్టిన చోట వెల్డింగ్ చేస్తే ఆ పొగ ఊపిరితిత్తులకు మహా చెడ్డది, పైగా చుట్టూ ఉన్న రంగంతా కాలిపోతుంది. లారీ బాడీలు కట్టే షాపులో చాసిస్ పని తెలిసినవాళ్లు ఉంటారు, వాళ్లకే ఇవ్వు. కింద ఎవరు చూస్తారన్న ఆయనకు మాత్రం వద్దు. ప్లేటు వేసేటప్పుడు చాసిస్‌కు అడ్డంగా నిట్టనిలువు గీతలో వెల్డింగ్ కొడితే కొన్నాళ్లకు ఆ గీత పక్కనే పగులుతుంది. ప్లేటు చివరలు ఏటవాలుగా కోసి వెయ్యమని చెప్పు. మొదలుపెట్టే ముందు బ్యాటరీ వైర్లు తీసేయించు, డీజిల్ ట్యాంకు దించేయించు.

ఇంకొకటి ఇక్కడే చెప్తాను, తర్వాత మరిచిపోతాను. చాసిస్ మీద కొట్టిన నంబరు ఎక్కడుందో వెతికి, దాని చుట్టూ గ్రైండర్ పెట్టనివ్వకు. చేత్తో, మెత్తటి వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, ఒక కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుని దాచుకో. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకొకసారి రెన్యువల్. ప్రతిసారీ బండి చూపించాల్సిందే. నంబరు అరిగిపోయి కనిపిస్తే ఇన్‌స్పెక్టర్‌కు వచ్చే అనుమానం తీర్చడానికి నీ తల ప్రాణం తోకకొస్తుంది. దాని మీద మందపు రంగు వద్దు, పలచగా గ్రీజు రాసి పెట్టు, చాలు.

గట్టిగా ఉన్న ఇనుమును రంగుకు సిద్ధం చెయ్యడం అసలు పని. నీకు పట్టే సమయంలో ముప్పాతిక వంతు దీనికే పోతుంది, పోవాలి కూడా. చాలామంది నేరుగా వైర్ బ్రష్ పట్టుకుంటారు. తప్పు. మన దగ్గర డ్రైవర్లకు సర్వీసింగ్ అయినప్పుడల్లా కాలిన ఆయిల్లో డీజిల్ కలిపి చాసిస్‌కు కొట్టించే అలవాటు ఉంది. తుప్పును అది కొంత ఆపుతుంది, కాదనను. కానీ దుమ్మును పట్టుకుంటుంది, రబ్బరు బుష్షులను ఉబ్బిస్తుంది. ఆ జిడ్డు మీద బ్రష్ తిప్పితే జిడ్డును ఇనుప గుంటల్లోకి రుద్దినట్టే. ఆ తర్వాత ఏ రంగూ అక్కడ నిలవదు. అందుకే మొదట జిడ్డు వదిలించే డీగ్రీజర్ కొట్టి, లేదంటే బట్టల సోడా కలిపిన వేడినీళ్లతో, ప్రెషర్ వాటర్‌తో కడిగించు. నీళ్లు చాసిస్ మీద ముత్యాల్లా నిలవకుండా పొరలా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు.

ఆ తర్వాత స్క్రేపర్, ఉలి, సుత్తితో పెచ్చులు రాల్చు. గ్రైండర్‌కు కప్ బ్రష్ తగిలించి తిప్పు. ఇక్కడ ఒక మోసం ఉంది. కప్ బ్రష్ గట్టి తుప్పును తియ్యదు, దానికి పాలిష్ పెడుతుంది. గోధుమరంగులో నున్నగా మెరుస్తుంటే పని అయిపోయిందనిపిస్తుంది. స్క్రేపర్ మూలతో గీసి చూడు, పొర లేస్తే అది ఇంకా తుప్పే. అట్లాంటి చోట ఫ్లాప్ డిస్కు గానీ ముతక ఎమరీ గానీ వాడాలి. గాలి ఒత్తిడితో గరుకు పొడి కొట్టి తుప్పు రాల్చే సాండ్ బ్లాస్టింగ్ దొరికితే అంతకంటే మంచిది లేదు. కానీ ఏటి ఇసుకతో కొట్టేవాళ్ల దగ్గర చేయించకు. ఆ ధూళి పీల్చిన పనివాళ్ల ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడిపోతాయి. గార్నెట్ గానీ స్టీల్ గ్రిట్ గానీ వాడేవాళ్లను చూసుకో.

ఎంతవరకు గీకాలి? టిన్ను మీద ఉన్న సగం నిజం ఇక్కడ పనికొస్తుంది. ఇట్లాంటి రంగుల్లో పేరున్నవి ఎక్కువగా గాలిలోని తేమతో గట్టిపడే పాలీయురేథేన్ రకం. పీఓఆర్-15 అన్నది అందులో బాగా తెలిసిన పేరు. ఇవి నున్నటి ఇనుము కంటే గరుకుగా, గట్టిగా అతుక్కుని ఉన్న సన్నటి తుప్పు మీదే బాగా పట్టుకుంటాయి. కాబట్టి అద్దంలా మెరిసేదాకా రుద్దే పని లేదు. వేలితో రుద్దితే ఎర్రపొడి రాలకూడదు, స్క్రేపర్‌కు పొర లేవకూడదు. అంతే లెక్క. గ్రైండర్ తిరిగి నున్నగా తెల్లబడిన చోట్ల మాత్రం రంగుకు పట్టు దొరకదు. అక్కడ ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న మెటల్ ప్రెప్ ద్రావణం రాయాలి. అది ఇనుమును కొద్దిగా కొరికి, పైన సన్నటి ఫాస్ఫేట్ పొర పెడుతుంది. ఎండకుండా తడిపి తడిపి ఉంచి, తర్వాత కడిగెయ్యాలి. యాసిడ్ కదా అని బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం పొయ్యొద్దు. చాలామంది పోస్తారు, ఇనుము నిమిషంలో తెల్లబడుతుందని సంబరపడతారు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. గుంటల్లో క్లోరైడ్‌ను వదిలిపెట్టి పోతుంది. కావలి ఉప్పును వదిలించుకోవడానికి ఇంట్లో ఉప్పు తెచ్చి పోసినట్టు.

ఈ సందర్భంలోనే రస్ట్ కన్వర్టర్ అని ఇంకో రకం సీసా అమ్ముతారు. రాస్తే ఎర్రటి తుప్పు నల్లబడుతుంది. కొత్త కనికట్టేమీ కాదది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగు ఎట్లా వస్తుందో తెలుసు కదా? బెల్లం నీళ్లలో తుప్పు పట్టిన ఇనుము నానబెట్టి కసిమి చేస్తారు. కరక్కాయలో ముంచి ఆరేసిన గుడ్డ మీద దాన్ని గీస్తే గీత నల్లగా తేలుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి ఆ నలుపు. కన్వర్టర్లలో చాలావాటిలో పని చేసేదీ ఆ టానిక్ యాసిడే. కాకపోతే అది పైపైన, సన్నటి తుప్పునే మార్చగలదు. మందపు పొలుసు పైభాగం నల్లబడి కింద ఎర్రగానే ఉంటుంది. నీ సీలింగ్ రంగు కింద దాన్ని వెయ్యొద్దు. రెండు కంపెనీల మందులు ఒకదాని మీద ఒకటి అతుక్కుంటాయన్న భరోసా లేదు. రంగు ఏ కంపెనీదో, క్లీనరూ మెటల్ ప్రెప్పూ ఆ కంపెనీవే వాడితే గొడవుండదు.

చివరి కడుగుడు బోరు నీళ్లతో వద్దు. ఊళ్లో మినరల్ వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు రెండు మూడు తెప్పించి ఆ నీళ్లతో కడుగు. చిన్న ఖర్చు, పెద్ద తేడా. కడిగి, ఆరబెట్టి, రాత్రంతా అట్లాగే వదిలెయ్. తెల్లారి చూసినప్పుడు గుంటల్లో పసుపు కలిసిన నారింజ చుక్కలు తేలుంటే అక్కడ ఉప్పు ఇంకా ఉన్నట్టు. మళ్లీ బ్రష్‌తో రుద్ది మళ్లీ కడగాలి. కావలి నుంచి వచ్చిన బండికి ఇది ఒకసారితో తెమలకపోవచ్చు. విసుక్కోకు.

ఆరబెట్టడం దగ్గర మాత్రం మీ ఊరు నీకు పెద్ద సాయం. సముద్రతీరం వాళ్లు హీట్ గన్నులు పట్టుకుని తిప్పలు పడే పనిని అనంతపురం ఎండ ఊరికే చేసిపెడుతుంది. అయినా రెండు రేకులు కలిసే సందుల్లో, మూసి ఉన్న బాక్సు భాగాల్లో నీళ్లు దాక్కుంటాయి. అడుగున ఉన్న డ్రెయిన్ రంధ్రాలన్నీ తీగతో పొడిచి తెరువు. పూర్తిగా ఒకటి రెండు రోజులు ఎండలో పెట్టు, బ్లోయర్ ఉంటే సందుల్లో గాలి కొట్టు.

రంగు ఎప్పుడు కొట్టాలి అంటే, డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపల. పొద్దున మంచు పూర్తిగా ఆరిన తర్వాత మొదలుపెట్టి, సాయంత్రం చల్లబడకముందే ముగించు. ఇనుము వేడి ఆ పూట మంచు పట్టే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలని పెయింటింగ్ పనిలో లెక్క. మీ వైపు పగటిపూట దానికి ఢోకా లేదు. సెప్టెంబరు, అక్టోబరు ముసురులో కొట్టొద్దు. తేమ ఎక్కువైతే ఈ రంగు తొందరగా గట్టిపడుతూ లోపల గ్యాసు పుట్టి నురగలా బుడగలొస్తాయి. మే నెలలోనూ వద్దు. ఎండకు కాలిన ఇనుము మీద పైపొర ముడుచుకుంటుంది, గాలిలో తేమ లేక లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఏ కాలమైనా నీడలోనే పని.

టిన్ను తెరిచే పద్ధతి కూడా చెప్పాలి, ఇక్కడే డబ్బులు పోగొట్టుకునేది. ఊపొద్దు, కర్రతో నిదానంగా కలుపు. బ్రష్ టిన్నులో ముంచొద్దు. కావాల్సినంత చిన్న గ్లాసులోకి వంచుకుని మూత వెంటనే పెట్టు. మూతకూ టిన్నుకూ మధ్య ప్లాస్టిక్ కవరు ముక్క వెయ్, లేకపోతే మూత శాశ్వతంగా అతుక్కుపోయి తర్వాత ఉలితో కొట్టినా రాదు. గ్లాసులో మిగిలింది మళ్లీ టిన్నులో పోస్తే గాలి తేమ లోపలికి పోయి టిన్నంతా గడ్డకడుతుంది. కోటు పలచగా వెయ్. మందంగా వేస్తే బుడగలు. మొదటి కోటు మీద గ్లౌజు వేలు పెడితే కొంచెం పట్టినట్టు లాగాలి, వేలికి మాత్రం రంగు అంటకూడదు. రెండో కోటుకు అదే సరైన అదను. వాతావరణాన్ని బట్టి అది కొన్ని గంటలు పడుతుంది. ఆ అదను దాటి గట్టిపడిపోతే ఎమరీతో గరుకు చేస్తే తప్ప రెండో కోటు పట్టదు.

చేతికి అంటితే తడిగా ఉన్నప్పుడే థిన్నర్ గుడ్డతో తుడువు. ఆరిందంటే చర్మం ఊడి కొత్తది వచ్చేదాకా అది నీతోనే ఉంటుంది. ఇది నవ్వుకునే విషయం. ఊపిరి సంగతి అట్లా కాదు. ఈ రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఒకసారి పడకపోతే జీవితాంతం ఆస్తమా తెచ్చిపెట్టగలవు. ముక్కుకు కట్టుకునే తువ్వాలు, కరోనా రోజుల మాస్కు దీన్ని ఆపవు. ఆవిరిని పట్టే కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కొను. ఇంటి దగ్గర స్ప్రే గన్ను పట్టొద్దు, బ్రష్‌తోనే కొట్టు. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానియ్యకు.

కొట్టకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. బ్రేకు రబ్బరు పైపులు, గ్రీజు నిప్పిళ్లు, బోల్టు మరలు, కమాన్ పట్టీల మధ్య సందులు, సైలెన్సర్. ఇంకా ఎర్తు వైరు చాసిస్‌కు తగిలే చోటు. ఈ రంగు కరెంటును పోనియ్యదు. ఎర్తు కింద రంగు పడిందంటే లైట్లు మిణుకుమంటాయి, సెల్ఫ్ మొరాయిస్తుంది, ఎలక్ట్రీషియన్ బ్యాటరీ మార్చమంటాడు.

ఇప్పుడు బాడీ. నీ రెండో ప్రశ్నకు నా జవాబు: లోపలికి సరే, బయటికి వద్దు. ఫ్లోరు మీద, ఫ్లోరు కింద, మడ్‌గార్డు లోపలి వైపు, తలుపు అడుగు లోపల, బ్యాటరీ ట్రే, వీటికి చాసిస్‌కు చేసినట్టే చేసి ఇదే రంగు కొట్టు. బయట కనపడే రేకుకు ఎందుకు వద్దంటున్నానంటే, ఈ రకం రంగుల్లో చాలావాటికి ఎండ పడదు. మీ ఊరి ఎండకు తొందరగా వెలిసి సున్నం కొట్టినట్టు పాలిపోతాయి, పైన వేరే టాప్‌కోటు తప్పనిసరి. పైగా బాడీ రేకు పలచన. పైకి బుడగ కనిపించిందంటే చాలావరకు లోపలి వైపు నుంచి తినుకుంటూ వచ్చినట్టే. పైన ఏం పూసినా లోపల ఆగదు. అక్కడ టింకరింగ్ పని చేయించు. కుళ్లిన ముక్క గట్టి రేకు తగిలేదాకా కోసి, అదే మందం కొత్త రేకు అతికించి, జాయింట్లకు సందు మూసే సీమ్ సీలర్ పెట్టి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, ఆ పైన లప్పం, సర్ఫేసర్, రంగు. లప్పం నేరుగా తుప్పు రేకు మీద పెట్టనివ్వకు. లప్పం నీళ్లు పీలుస్తుంది, ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే బుడగ అదే చోట. షాపులో నువ్వు నిలబడి చూసుకోవాల్సింది ఈ ఒక్క ఘట్టమే. లప్పం కింద ఏముందో రంగయ్యాక ఎవరూ చెప్పలేరు. తలుపు అడుగున ఉన్న నీళ్లు పోయే రంధ్రాలు లప్పంతో మూసుకుపోకుండా కూడా చూసుకో.

మీ మామ రెడ్ ఆక్సైడ్ సంగతి. ఆయన్ను చిన్నబుచ్చకు, గీకకుండా ఖరీదైన రంగు కొట్టడం కంటే బాగా గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టడం మేలు. ఇళ్ల గ్రిల్సుకు, గేట్లకు అది చాలు. కానీ అది ప్రైమరే, ఒంటరిగా నీళ్లను ఆపలేదు. రెడ్ ఆక్సైడ్ కొట్టి పైన ఎనామిల్ వెయ్యకుండా వదిలేసిన ట్రాక్టరు ట్రాలీలు ఎన్ని చూసి ఉంటావు, ఒక్క వానాకాలానికే తుప్పు ఏదో రంగు ఏదో తెలియకుండా కలిసిపోతాయి. బురద, రాళ్లు తగిలే చాసిస్‌కు అది బలహీనం. తెప్పించిన టిన్ను అయిపోయి ఇంకా కావాల్సొస్తే, అంత ఖరీదు మళ్లీ పెట్టకుండా ఫ్యాక్టరీల ఇనుప స్ట్రక్చర్లకు కొట్టే టూ-ప్యాక్ (రెండు డబ్బాలు కలిపి వాడే) ఎపాక్సీ మాస్టిక్ రంగు అడుగు. ఇండస్ట్రియల్ పెయింట్లు అమ్మే డీలర్ దగ్గర దొరుకుతుంది. గట్టిగా అతుక్కుని ఉన్న కొద్దిపాటి తుప్పును అది కూడా భరిస్తుంది. నన్నడిగితే చాసిస్‌కు అదీ దీనికి పెద్దగా తీసిపోదు. దానికీ ఎండ పడదు, కానీ చాసిస్‌కు ఎండ ఎంత తగులుతుంది కనుక. రబ్బరు అండర్ కోటింగ్ వేస్తామని ఎవరైనా వస్తే మాత్రం, అది బాగున్న రంగు మీద వేసుకునేదని చెప్పి పంపించు. తుప్పు మీద వేస్తే అంచున సన్నటి పగులు చాలు, నీళ్లు లోపలికి దూరి బయటికి రాలేక అక్కడే ఉంటాయి. పైకి నల్లగా, ముద్దుగా కనిపిస్తూనే ఉంటుంది.

చాసిస్‌లో మూసి ఉన్న బాక్సు భాగాల లోపలికి బ్రష్ పోదు. అక్కడ రంగు మీద ఆశ పెట్టుకోకు. పొడవాటి సన్న గొట్టం ఉన్న క్యావిటీ వ్యాక్స్ (మైనం లాంటి పూత) స్ప్రే, రంగు పనంతా అయ్యాక, రంధ్రాల్లోంచి లోపలికి కొట్టించు. అది ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు, సందుల్లోకి పాకుతుంది. కొన్నేళ్లకొకసారి మళ్లీ కొట్టించాలి.

పని అయ్యాక ఎరువులు వేసిన ప్రతిసారీ అదే రోజు కింద కూడా నీళ్లు కొట్టించు. సంక్రాంతి ముందు ఒకసారి జీపు కిందికి దూరి, చక్రాలు రాళ్లు విసిరే చోట్ల రంగు లేచిందేమో చూడు. చిల్లర మరకలకు అప్పటికప్పుడు గీకి రెండు కోట్లు వేస్తే సరిపోతుంది.

టిన్ను తెరిచే రోజు జాకీ, స్టెప్నీ బ్రాకెట్, ట్రాలీ హుక్కు లాంటివి కూడా ముందే గీకి, కడిగి, ఆరబెట్టి పక్కన పెట్టుకో. ఒకసారి తెరిచిన ఈ రంగు నీకోసం నెలల తరబడి ఆగదు.